గాలిహోరు - కారణాన్వేషణ

పాఠ్యభాగ పరిచయం

ప్రక్రియ: విజ్ఞాన వ్యాసం. నిత్యజీవితంలో ఎదురయ్యే ఒక చిన్న చిక్కును ఊహలతో కాక పరిశీలనతో విడదీయడం ఎలాగో ఈ పాఠం వివరిస్తుంది. హైదరాబాదు నగరానికి తూర్పున ఉన్న నాగారంలో నివసించే ఒక మధ్యతరగతి కుటుంబాన్ని, వారి కారును ఉదాహరణగా తీసుకొని, వేగంగా వెళ్ళేటప్పుడు కారులో వినవచ్చే గాలి చప్పుడుకు గల కారణాలను, దానిని వెతికి సరిచేసే పద్ధతిని రచయిత వివరించారు. సమస్యను సరిగా వర్ణించడంలో భాషకు గల పాత్రను గుర్తించడం, శాస్త్రీయ దృక్పథాన్ని అలవరచుకోవడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

తెలుగులో గాలిని తేలికగా చూడడం పరిపాటి. ఆధారం లేని ఆశలను గాలిమేడలు అంటాము. నమ్మదగని మాటలను గాలికబుర్లు అంటాము. పట్టించుకోకుండా విడిచిపెట్టిన పనిని గాలికి వదిలేశారని అంటాము. గాలి కంటికి కనిపించదు, చేతికి చిక్కదు. కాబట్టి దానికి లెక్కించదగిన బరువు లేదనే భావన ఈ మాటలన్నింటిలోనూ ఉన్నది. కాని రహదారిపై గంటకు 100 కిలోమీటర్ల వేగంతో సాగే కారుకు గాలి అంత తేలికైనది కాదు. ఆ వేగం వద్ద ఎదురుగాలి కలిగించే ఒత్తిడి చదరపు మీటరుకు 40 కిలోల బరువుకు మించి ఉంటుంది. 50 కిలోమీటర్ల వేగం వద్ద అది 10 కిలోల పైచిలుకు మాత్రమే. అనగా వేగం రెట్టింపయితే గాలి ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది.

గాలి చేసే చప్పుడు అంతకంటె త్వరగా పెరుగుతుంది. బ్రిటిష్ గణిత శాస్త్రవేత్త జేమ్స్ లైట్‌హిల్ 1952లో, ప్రవాహాల వల్ల ధ్వని ఎలా పుడుతుందో వివరించే సిద్ధాంతాన్ని ప్రకటించారు. అద్దం, స్తంభం, తలుపు అంచు వంటి ఘనవస్తువులను ఒరుసుకొంటూ గాలి పోయినప్పుడు పుట్టే ధ్వనిశక్తి, వేగపు ఆరవ ఘాతాన్ని అనుసరించి పెరుగుతుందని ఆ తరువాతి పరిశోధనలు తేల్చాయి. 60 నుండి 120 కిలోమీటర్లకు వేగం పెరిగితే అటువంటి ధ్వనిశక్తి 64 రెట్లవుతుంది. డెసిబెల్ కొలమానంలో ఇది సుమారు 18 డెసిబెల్స్ పెరుగుదల. 10 డెసిబెల్స్ పెరిగితేనే మన చెవికి చప్పుడు రెట్టింపయినట్లు తోస్తుంది. కనుక ఊరిలో వినిపించని చప్పుడు రహదారిపై భరించరానిదిగా మారడంలో ఆశ్చర్యం లేదు.

నాగారం వాసులకు ఈ తేడా అనుభవంలోనిదే. నాగారం నుండి ఈ.సి.ఐ.ఎల్. వైపుగాని, నాచారం, ఉప్పల్ వైపుగాని వెళ్ళే దారులలో వాహనాల రద్దీ వల్ల వేగానికి అవకాశం తక్కువ. అక్కడ ఇంజన్ల రొద, హారన్ల మోత తప్ప గాలి చప్పుడు వినిపించదు. అదే కారు కీసర వద్ద బాహ్యవలయ రహదారిని ఎక్కగానే పరిస్థితి మారిపోతుంది. నగరం చుట్టూ 158 కిలోమీటర్ల పొడవున, ఎనిమిది వరుసలతో సాగే ఆ రహదారిపై కొద్ది నిమిషాలలోనే వేగం పెరుగుతుంది. దానితోపాటు అంతవరకు దాగి ఉన్న లోపాలన్నీ ఒక్కసారిగా గొంతు విప్పుతాయి.

పాత కార్లలో ఈ చప్పుడు లేదా? ఉండేది. 2014లో ఉత్పత్తి నిలిచిపోయిన అంబాసిడర్ కారులో ప్రయాణించినవారికి ఇంజన్ చప్పుడే ఎక్కువగా వినిపించేది. పెద్ద చప్పుడు చిన్న చప్పుడును కప్పివేస్తుంది. ఇంజన్లు నెమ్మదించిన కొద్దీ గాలి చప్పుడు బయటపడింది. ఇంజనే లేని విద్యుత్తు కార్లలో అది మరింత స్పష్టంగా వినిపిస్తుంది.

మౌనం వహించిన నాయనమ్మ

ఉదాహరణకు నాగారంలో ఒక కుటుంబాన్ని తీసుకొందాము. తల్లిదండ్రులు, కళాశాలలో చదివే అమ్మాయి, పాఠశాలలో చదివే అబ్బాయి, డెబ్బై ఏళ్ళు దాటిన నాయనమ్మ ఆ ఇంటిలోని వారు. వారి కారుకు ఏడేళ్ళు. వీలు చిక్కినప్పుడల్లా కీసర, ఘట్‌కేసర్, భువనగిరి మీదుగా యాదగిరిగుట్టకు వెళ్ళి రావడం వారి అలవాటు. దారి పొడవునా నాయనమ్మ కబుర్లు చెప్పేది. భువనగిరి కోట కనిపించగానే పిల్లలకు తన చిన్ననాటి సంగతులు మొదలుపెట్టేది.

కొంతకాలంగా ఆమె కారులో మాట్లాడడం మానివేసింది. ముందు సీటు నుండి ఎవరైనా ఏదైనా అడిగితే పొంతన లేని జవాబు చెప్పేది. "పాలు తాగుతావా?" అని అడిగితే "చాలు, చాలు" అన్నది. పిల్లలు నవ్వారు. ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చున్నది. ఆమెకు వినికిడి తగ్గిందని ఇంటివారు నిశ్చయించుకొన్నారు. వయసు మీదపడితే సహజమే కదా అని సమాధానపడ్డారు.

కారులో గాలి చప్పుడు పెరిగిన సంగతి కూడా వారికి తెలుసు. కాని ఈ రెండు విషయాలను ఎవరూ కలిపి చూడలేదు. చప్పుడుకు తలా ఒక కారణం చెప్పారు. టైర్లు అరిగాయని తండ్రి అన్నాడు. ముందు అద్దం మార్చాలని ఒక మెకానిక్ చెప్పాడు. నాలుగు తలుపులకూ అదనంగా మరొక రబ్బరు అంటించమని పక్కింటివారు సలహా ఇచ్చారు. ఈ మూడింటిలో ఏది చేసినా డబ్బు ఖర్చవుతుంది. చప్పుడు పోతుందన్న నమ్మకం మాత్రం లేదు. ఏమి జరుగుతున్నదో తెలుసుకోకుండా ఏమి మార్చాలో నిర్ణయించడమే ఇందులోని లోపం.

చప్పుడుకు పేరు పెట్టడం

రోగి తన బాధను సరిగా చెప్పగలిగితే వైద్యుని పని సగం తీరుతుంది. వాహనం విషయంలోనూ అంతే. "ఏదో చప్పుడు వస్తున్నది" అంటే ఎవరికీ ఏమీ బోధపడదు. తెలుగు భాషలో ధ్వన్యనుకరణ పదాలకు కొదువ లేదు. వాటిని సరైన చోట వాడితే చప్పుడు పుట్టుక ఏమిటో కొంతవరకు తెలిసిపోతుంది.

హోరు అంటే ఎడతెగని మొద్దు ధ్వని. గాలి తాను ఒరుసుకొంటూ పోయే తలం నుండి విడిపోయి సుడులు తిరిగినప్పుడు ఇది పుడుతుంది. తలుపుల పక్కన ఉండే వెనుకచూపు అద్దాలు, ముందు అద్దానికి ఇరుపక్కల ఉండే స్తంభాలు, పైకప్పుపై బిగించిన సామాను క్యారియర్ ఇందుకు ముఖ్యస్థానాలు.

బుస అంటే పాము బుసకొట్టినట్లు ఉండే సన్నని ధ్వని. ఇది సాధారణంగా సందు నుండి గాలి జారుతున్నదనడానికి గుర్తు. తలుపు పక్కగా గాలి వేగంగా ప్రవహించినప్పుడు అక్కడ ఒత్తిడి తగ్గుతుంది. వేగం పెరిగిన చోట ఒత్తిడి తగ్గుతుందన్న సూత్రాన్ని డేనియల్ బెర్నూలీ 1738లో వెలువరించిన గ్రంథంలో వివరించాడు. ఆ తగ్గిన ఒత్తిడి వల్ల తలుపు పైచట్రం వెలుపలికి లాగబడుతుంది. రబ్బరు గట్టిపడి ఉన్నా, తన స్థానం తప్పి ఉన్నా అక్కడ సన్నని సందు ఏర్పడి, లోపలి గాలి బయటికి పీల్చబడుతుంది. ఒక నిర్దిష్ట వేగం దాటిన తరువాతనే బుస మొదలు కావడానికి కారణం ఇదే.

ఈల ఒకే స్థాయిలో పలికే ధ్వని. గాలికి మ్రోగే వెదురును సంస్కృతంలో కీచకము అంటారు. రంధ్రం పడిన వెదురుపై గాలి వీచినప్పుడు అది వేణువులా పలుకుతుంది. అదే విధంగా కారులో వదులైన పట్టీ అంచు, మూత ఊడిన చిన్న రంధ్రం ఈల వేస్తాయి. సన్నని కడ్డీ కూడా గాలిలో పలుకుతుంది. చెక్ భౌతిక శాస్త్రవేత్త స్ట్రౌహల్ 1878లో దీనిని కొలిచి చూపాడు. గాలి వేగాన్ని కడ్డీ మందంతో భాగించి, ఐదవ వంతు తీసుకొంటే కంపనాల సంఖ్య ఇంచుమించుగా లభిస్తుంది. 5 మిల్లీమీటర్ల మందం గల రేడియో యాంటెన్నా 100 కిలోమీటర్ల వేగం వద్ద సెకనుకు సుమారు 1100 కంపనాలతో పలుకుతుంది. కొన్ని యాంటెన్నాల చుట్టూ సన్నని తీగ మెలికలుగా చుట్టి ఉండడం అలంకారం కోసం కాదు. సుడులు ఒకే లయలో ఏర్పడకుండా చేసి ఆ ఈలను ఆపడానికే.

పటపట అంటే ఏదో వదులై గాలికి కొట్టుకొంటున్నదని అర్థం. ఇక వెనుక కిటికీ ఒక్కటే తెరిచినప్పుడు చెవులపై దబదబ కొట్టినట్లుండే మోత వేరు. ఖాళీ సీసా మూతిపై ఊదితే అది పలికినట్లే ఇక్కడ కారు అంతా ఒక పెద్ద సీసాగా మారుతుంది. ఇది లోపం కాదు. మరొక కిటికీని కొద్దిగా దించితే ఆగిపోతుంది.

ఆ ఇంటి అమ్మాయి ఒక నోటుపుస్తకంలో ఈ పదాలన్నీ రాసుకొని, ఎవరికి ఏది వినిపిస్తున్నదో ఒక్కొక్కరిని అడిగింది. తండ్రికి హోరు, తల్లికి సన్నని ఈల వినిపిస్తున్నాయి. చివరికి నాయనమ్మను అడిగింది. అంతవరకు ఈ విషయంలో ఆమెను ఎవరూ అడగలేదు. "నా చెవి దగ్గర పాము బుసకొట్టినట్టున్నది బిడ్డా. మీరు మాట్లాడుతున్నట్టు తెలుస్తున్నది, ఏం మాట్లాడుతున్నారో తెలుస్తలేదు" అన్నది ఆమె. చెవులు పనిచేయవని అందరూ భావించిన మనిషికే లోపం ఉన్న చోటు తెలుసు. ఆమె ఎప్పుడూ వెనుక ఎడమ తలుపు పక్కన కూర్చుంటుంది.

గాలి చప్పుడేనా?

అయినా ఒక్కరి మాటతో నిర్ధారణకు రాకూడదు. మొట్టమొదట అది గాలి చప్పుడు అవునో కాదో తేల్చుకోవాలి. టైర్ల చప్పుడు రోడ్డును బట్టి మారుతుంది. తారు రోడ్డు నుండి సిమెంటు రోడ్డు మీదికి వెళ్ళగానే ధ్వని మారితే అది టైర్లదే. ఇంజన్ చప్పుడు గేరును బట్టి మారుతుంది. వేగం మారకుండా గేరు మాత్రమే మార్చినప్పుడు ధ్వని స్థాయి మారితే అది ఇంజన్‌ది. రోడ్డు మారినా, గేరు మారినా మారకుండా, వేగం పెరిగినప్పుడు, ఎదురుగాలి వీచినప్పుడు మాత్రమే పెరిగేది గాలి చప్పుడు.

గాలి దిశను కూడా గమనించాలి. నైరుతి రుతుపవనాల కాలంలో మన ప్రాంతంలో పడమటి గాలులు బలంగా వీస్తాయి. కీసర నుండి ఘట్‌కేసర్ వైపు వెళ్ళేటప్పుడు ఆ గాలి కారుకు కుడివైపు నుండి, తిరిగి వచ్చేటప్పుడు ఎడమవైపు నుండి తాకుతుంది. అందువల్ల ఒకే వైపు ప్రయాణించి నిర్ణయానికి రాకూడదు. వెళ్ళేటప్పుడు, వచ్చేటప్పుడు రెండుసార్లూ వినాలి. ఆ సమయంలో రేడియో, ఏ.సి. ఫ్యాను ఆపివేయాలి. కిటికీలన్నీ పూర్తిగా మూయాలి. నడిపేవారు చప్పుడును వెతకరాదు. వారి దృష్టి రోడ్డు మీదనే ఉండాలి. వినే పని ఇతరులది. అనుమతించిన వేగాన్ని దాటవలసిన అవసరం లేదు. రహదారిపై బండి ఆపి పరీక్షలు చేయడం ఎంతమాత్రం తగదు.

ఎక్కడ నుండి వస్తున్నది?

ఉప్పల్‌లో 1961లో స్థాపించిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉన్నది. భూకంపాల అధ్యయనం ఆ సంస్థ కార్యక్రమాలలో ఒకటి. భూకంపం ఎక్కడ పుట్టిందో ఒక్క కేంద్రంలో నమోదైన ప్రకంపనలతో కచ్చితంగా చెప్పడం కష్టం. ముందుగా వచ్చే తరంగాలకు, వెనుక వచ్చే తరంగాలకు మధ్య గల కాలభేదాన్ని బట్టి ఒక కేంద్రం నుండి దూరం తెలుస్తుంది. అటువంటి మూడు కేంద్రాల దూరాలు కలిసిన చోటు భూకంప స్థానం. ఒకే సంఘటనను వేర్వేరు చోట్ల నుండి గమనించడం ఇందులోని కీలకం. కారులోనూ ఈ సూత్రం పనికివస్తుంది. ముగ్గురు మూడు సీట్లలో కూర్చొని విని, చప్పుడు ఏ వైపు హెచ్చుగా ఉన్నదో విడివిడిగా రాసుకోవాలి. ఒకరు రాసినది మరొకరు ముందుగా చూడకూడదు.

ఆ తరువాత టేపు పరీక్ష చేయాలి. రంగులు వేసేవారు వాడే కాగితపు మాస్కింగ్ టేపు దీనికి చాలును. కారు రంగుకు హాని చేయకుండా ఊడివస్తుంది. ఎండలో ఎక్కువసేపు ఉంచితే జిగురు పట్టేస్తుంది కాబట్టి పరీక్ష ముగియగానే తీసివేయాలి. అనుమానమున్న సందులన్నింటినీ ముందు ఈ టేపుతో మూయాలి. చప్పుడు తగ్గకపోతే కారణం ఆ సందులలో లేదని అర్థం. తగ్గితే టేపును ఒక్కొక్క భాగంగా తీస్తూ, ప్రతిసారీ అదే దారిలో, అదే వేగంతో వెళ్ళి వినాలి. ఒకసారికి ఒక్క మార్పు మాత్రమే చేయడం ఈ పద్ధతికి ప్రాణం. రెండు మార్పులు కలిపి చేస్తే ఫలితం దేనివల్ల కలిగిందో చెప్పలేము.

ఆ కుటుంబం ఒక ఆదివారం తెల్లవారుజామున ఈ పని చేసిందనుకొందాము. మొదటి ప్రయాణంలో టేపు వేయలేదు. 75 కిలోమీటర్ల వేగం వద్ద వెనుక ఎడమవైపు బుస మొదలైంది. రెండవసారి పైకప్పు మీది క్యారియర్‌ను విప్పి వెళ్ళారు. తండ్రికి వినిపించే హోరు తగ్గింది. బుస అలాగే ఉన్నది. మూడవసారి ఎడమవైపు సందులన్నీ టేపుతో మూశారు. బుస ఆగిపోయింది. తల్లికి వినిపించే ఈల కూడా ఆగింది. తరువాత ఒక్కొక్క భాగం తీస్తూ వచ్చారు. ముందు తలుపు చుట్టూ ఉన్నది తీసినా మార్పు లేదు. వెనుకచూపు అద్దం మొదట్లో ఉన్నది తీయగానే ఈల తిరిగి వచ్చింది. వెనుక తలుపు దిగువ భాగం తీసినా మార్పు లేదు. ఆ తలుపు పైమూలన ఉన్నది తీయగానే బుస తిరిగి వచ్చింది. చివరిగా టేపు అంతా తీసివేసి, ఆ పైమూల ఒక్కటే మూసి వెళ్ళారు. బుస ఆగిపోయింది. మూసినప్పుడు పోవడం, తెరిచినప్పుడు రావడం - ఈ రెండూ జరిగినప్పుడే కారణం రుజువైనట్లు.

ఇంటి ముంగిట మూడు పరీక్షలు

చోటు తెలిసిన తరువాత లోపం ఏమిటో తెలుసుకోవాలి. దీనికి రహదారి అక్కరలేదు, ఇంటి ముంగిలి చాలు.

మొదటిది కాగితం పరీక్ష. వేలెడు వెడల్పు గల కాగితపు ముక్కను రబ్బరుకు, తలుపుకు మధ్య ఉంచి తలుపు మూయాలి. కాగితాన్ని మెల్లగా లాగాలి. రబ్బరు బిగువుగా ఉన్న చోట అది పట్టి వస్తుంది. వదులుగా ఉన్న చోట జారి వస్తుంది. తలుపు చుట్టూ జానెడు దూరానికి ఒకసారి ఇలా చేసి, రెండవవైపు తలుపుతో పోల్చి చూడాలి. పోలిక లేనిదే కొలతకు అర్థం లేదు.

రెండవది అగరొత్తి పరీక్ష. కిటికీలు, తలుపులు మూసి, బయటి గాలి లోపలికి వచ్చేటట్లు అమర్చి ఫ్యానును పూర్తి వేగంతో తిప్పాలి. లోపల ఒత్తిడి కొద్దిగా పెరుగుతుంది. గాలి లేని వేళ వెలుపల తలుపు అంచు వెంట అగరొత్తిని, రంగుకు తగలకుండా, నెమ్మదిగా కదిలించాలి. సందు ఉన్న చోట పొగ వెలుపలికి చెదురుతుంది. కారు వెనుక భాగంలో లోపలి గాలి పోవడానికి నిర్మాతలే ఏర్పరచిన మార్గాలుంటాయి. అక్కడ పొగ చెదరడం లోపం కాదు.

మూడవది పొడి పరీక్ష. రబ్బరుపై ముఖానికి వేసుకొనే పౌడరు పలుచగా చల్లి తలుపు మూసి తెరవాలి. రబ్బరు ఆనిన చోటల్లా తలుపు మీద తెల్లని గీత పడుతుంది. గీత తెగిపోయిన చోట సందు ఉన్నట్లు.

ఈ మూడు పరీక్షలూ ఒకే చోటును చూపాయి. వెనుక ఎడమ తలుపు పైమూలన కాగితం జారింది, పొగ చెదిరింది, గీత తెగింది. చూపుడువేలితో తడిమితే ఆ తలుపు వెనుక అంచు పక్కనున్న భాగం కంటె రెండు మిల్లీమీటర్లు వెలుపలికి ఉన్నట్లు తెలిసింది. లోగడ ఆ తలుపుకు చిన్న సొట్ట పడితే విప్పి సరిచేయించారు. మళ్ళీ బిగించినప్పుడు అమరిక కొద్దిగా మారింది. రబ్బరు కూడా ఆ మూలన తన గాడి నుండి తొలగి మడతపడింది. నాయనమ్మ మౌనం ఆ తరువాతనే మొదలైందని అప్పుడు అందరికీ గుర్తుకు వచ్చింది.

సవరణ

కారణం తెలిసిన తరువాత సవరణ పెద్ద పని కాదు. రబ్బరును తడిగుడ్డతో తుడిచి, మడత తీసి, గాడిలో తిరిగి కూర్చోబెట్టాలి. పెట్రోలు, కిరోసిన్ వంటి వాటితో తుడిస్తే రబ్బరు పాడవుతుంది. ఎండకు గట్టిపడి పగుళ్ళు తీసిన రబ్బరైతే ఆ తలుపుకు మాత్రమే కొత్తది వేయించాలి.

తలుపు మూసినప్పుడు తాళం పట్టుకొనే ఇనుప కొక్కెం స్తంభానికి బిగించి ఉంటుంది. ముందు దాని చుట్టూ పెన్సిలుతో గీత గీసి, పాత స్థానాన్ని గుర్తించాలి. మరలను పూర్తిగా విప్పకుండా కొద్దిగా వదులు చేసి, కొక్కేన్ని ఒక మిల్లీమీటరు లోపలికి జరిపి బిగించాలి. తలుపు బాదకుండానే మూసుకోవాలి, దాని అంచు పక్క భాగంతో సమంగా నిలవాలి. మరీ లోపలికి జరిపితే తలుపు పడడం కష్టమవుతుంది. పైచట్రమే వంగి ఉంటే అది అనుభవజ్ఞుడైన టింకరింగ్ పనివాని చేతిలో జరగవలసిన పని. బలం ఉపయోగించి వంచబోతే అద్దం పగిలే ప్రమాదం ఉన్నది. అద్దం మొదట్లోని ఈలకు అక్కడి రబ్బరు దిండును సరిగా అమర్చడంతో పరిష్కారం లభించింది. క్యారియర్‌ను అవసరమైనప్పుడే బిగించుకోవాలని నిర్ణయించుకొన్నారు.

చేయకూడని పని కూడా ఒకటి ఉన్నది. కనిపించిన సందునల్లా సీలెంటుతో పూడ్చరాదు. తలుపు దిగువన ఉండే చిన్న రంధ్రాలు వాననీరు బయటికి పోవడానికి ఏర్పరచినవి. వాటిని మూస్తే నీరు లోపలే నిలిచి ఇనుము తుప్పుపడుతుంది. చప్పుడును పోగొట్టబోయి తలుపునే పోగొట్టుకొన్నట్లవుతుంది.

సవరించిన తరువాత కారు పూర్తిగా నిశ్శబ్దం కాలేదు. వేగంగా పోయే ఏ కారులోనైనా కొంత హోరు తప్పదు. పెద్ద చప్పుడు పోగానే దాని మాటున ఉన్న చిన్న చప్పుళ్ళు వినిపించడం కూడా సహజం. ఎక్కడ ఆగాలో తెలియడమూ ఈ పనిలో భాగమే.

మాట వినబడడం

వినికిడి సంగతికి వద్దాము. పాలు, చాలు, కాలు, తాలు - ఈ నాలుగు పదాలలో తేడా మొదటి హల్లులో మాత్రమే ఉన్నది. అచ్చుల ధ్వని బలమైనది, కింది స్థాయిలో ఉంటుంది. హల్లులలో చాలావాటి ధ్వని క్షీణమైనది. చ, స, శ వంటివి పైస్థాయిలో పలుకుతాయి. వయసుతో వినికిడి తగ్గడం సాధారణంగా ఆ పైస్థాయి నుండే మొదలవుతుంది. సందు నుండి వచ్చే బుస కూడా ఎక్కువగా ఆ స్థాయిలోనే ఉంటుంది. అందుచేత బుస పక్కన కూర్చున్న వృద్ధులకు మాట వినిపిస్తుంది కాని పదం తెలియదు. ఆ స్థితిలో మళ్ళీమళ్ళీ అడగడానికి మొహమాటపడి వారు మౌనం వహిస్తారు. దానిని మనము చెవుడు అంటాము, లేదా చాదస్తం అంటాము.

నిశ్శబ్దంగా ఉన్న ఇంటిలో కూడా మాట తెలియకపోతే అది వైద్యుని వద్దకు వెళ్ళవలసిన విషయం. కోఠిలో ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రి ఉన్నది. అక్కడ వినికిడిని పరీక్షించి చెప్పగలరు. అయితే ఇంటిలో బాగానే విని కారులో మాత్రమే వినలేకపోయే మనిషి విషయంలో ముందు పరీక్షించవలసినది కారును. ఈ రెండింటికీ గల తేడాను ఆ కుటుంబం గమనించి ఉంటే అన్ని నెలల మౌనం అవసరమయ్యేది కాదు.

చప్పుడు వల్ల కలిగే నష్టం ఇదొక్కటే కాదు. అది అలసటను పెంచుతుంది. వెనుక నుండి వచ్చే అంబులెన్సు కూతను వినబడనీయదు. గాలి జారే సందు నుండి వర్షాకాలంలో నీరు కూడా జారవచ్చును. చప్పుడు రూపంలో ముందుగా అందిన హెచ్చరికను గుర్తిస్తే ఈ నష్టాలను తప్పించుకోవచ్చును.

ఈ పాఠంలో వాడిన పరికరాలు ఒక టేపు చుట్ట, ఒక కాగితం, ఒక అగరొత్తి, కొంచెం పౌడరు, ఒక నోటుపుస్తకం. వీటికంటె విలువైనది పద్ధతి. సమస్యకు సరైన పేరు పెట్టడం, ఒకసారికి ఒకే మార్పు చేయడం, ఫలితాన్ని రాసుకోవడం, పోల్చి చూడడం, తిరిగి పరీక్షించి నిర్ధారించుకోవడం ఆ పద్ధతిలోని మెట్లు. వీటన్నింటికంటె ముందు మరొక మెట్టు ఉన్నది. బాధ పడుతున్నవారిని అడగడం. సమస్యకు అందరికంటె దగ్గరగా ఉన్నవారి మాటను వయసును బట్టిగాని, స్థాయిని బట్టిగాని తోసిపుచ్చితే ఎన్ని పరికరాలున్నా అన్వేషణ దారి తప్పుతుంది.

కఠిన పదాలకు అర్థాలు

అన్వేషణ = వెతకడం
పరిపాటి = అలవాటు
ఘాతం = ఒక సంఖ్యను దానితోనే పలుమార్లు గుణించగా వచ్చేది
ఒరుసుకొను = రాచుకొను
కొదువ = కొరత
చట్రం = చుట్టూ ఉండే బిగింపు
కీచకము = గాలికి మ్రోగే వెదురు
లోగడ = గతంలో
ముంగిలి = ఇంటి ముందు భాగం
తాలు = గింజ పట్టని ధాన్యం
క్షీణమైన = బలహీనమైన

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు

1. కారులో గాలి చప్పుడు పుట్టే విధానాన్ని, దాని రకాలను పాఠం ఆధారంగా వివరించండి.
2. టేపు పరీక్షను నిర్వహించే పద్ధతిని, అందులో పాటించవలసిన నియమాలను తెలపండి.
3. నాయనమ్మ మౌనానికి గల కారణాలను విశ్లేషించండి. దీని నుండి మీరు గ్రహించిన విషయమేమిటి?

సంగ్రహ సమాధాన ప్రశ్నలు

1. భూకంప స్థానాన్ని గుర్తించే పద్ధతికి, కారులో చప్పుడును వెతికే పద్ధతికి గల పోలిక ఏమిటి?
2. అగరొత్తి పరీక్షను వివరించండి.
3. కనిపించిన సందునల్లా ఎందుకు పూడ్చకూడదు?
4. గాలి చప్పుడును టైర్ల, ఇంజన్ చప్పుళ్ళ నుండి ఎలా వేరు చేయవచ్చు?

ఏకపద సమాధాన ప్రశ్నలు

1. గాలికి మ్రోగే వెదురును ఏమంటారు?
2. బాహ్యవలయ రహదారి పొడవు ఎంత?
3. సందు నుండి గాలి జారుతున్నదనడానికి గుర్తైన ధ్వని ఏది?
4. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థను ఏ సంవత్సరంలో స్థాపించారు?

భాషాంశాలు

సంధులు:
కారణాన్వేషణ = కారణ + అన్వేషణ - సవర్ణదీర్ఘ సంధి
ధ్వన్యనుకరణ = ధ్వని + అనుకరణ - యణాదేశ సంధి
మొట్టమొదట = మొదట + మొదట - ద్విరుక్తటకార సంధి

సమాసాలు:
గాలిహోరు = గాలి యొక్క హోరు - షష్ఠీ తత్పురుష సమాసం
తల్లిదండ్రులు = తల్లియును, తండ్రియును - ద్వంద్వ సమాసం
మూడు సీట్లు = మూడైన సీట్లు - ద్విగు సమాసం

అభ్యాసం: మీ ఇంటిలోగాని, వీధిలోగాని వినిపించే పది చప్పుళ్ళను గమనించి, వాటికి తగిన ధ్వన్యనుకరణ పదాలను రాయండి. ఆ పదాలను సొంతవాక్యాలలో ప్రయోగించండి.